కుర్చీ మీద వదిలిన సంచి

మా వంటక్క పోయిందని మొన్న శుక్రవారం తెలిసింది. ఇక్కడ కువైట్‌లో సెలవు ఆ రోజే. చర్చి నుంచి గదికి వచ్చి బియ్యం కడుగుతుంటే కడప వైపు నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "మా యక్క పాయమ్మా," అంది. పొద్దున్నే లేచి స్టవ్ మీద టీ పెట్టుకుని, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుందట. టీ పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసనకి చెల్లెలు పరిగెత్తుకొచ్చి చూసింది. "ఆ యమ్మ ఉండంగా టీ పొంగేది యాడన్నా ఉండాదా? వాకిట్లో ఉండంగానే నా గుండె ఝల్లుమనె," అని ఏడ్చింది. నేను ఏడవలేదు. కడిగిన బియ్యాన్నే మళ్లీ మూడుసార్లు కడిగాను.

పోయినవాళ్ల గురించి రాసేవాళ్లు వాళ్లు చేసిన మేలు రాసి దణ్ణం పెట్టి ముగిస్తారు. నాకు ఆ వీలు లేదు. నేను చేసింది కూడా రాయాలి. కువైట్‌లో పదిహేనేళ్లకు పైగా బతికిన ఆ మనిషికి ఒంట్లో సత్తువ ఉండగా బయటపడే దారి ఒకే ఒక్కసారి దొరికింది. ఆ దారిలో అడుగు పెట్టిన ఆమెను వెనక్కి పిలిచింది నేను. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిపెట్టానని ఎవరూ అనకూడదు.

నేను కోనసీమ నుంచి వచ్చి కువైట్‌లోని మిష్రిఫ్ పేటలో ఆమె వంట చేసే విల్లాలో ఆయాగా చేరేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆమెకు నలభై ఉంటాయి. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "గోదారోళ్లా? అయితే మాటలు బాగా చెప్తావు, పని సంగతి చూడాల," అంది. నాకు ఒళ్లు మండింది. "మీ కడపోళ్లకి సంగటి ముద్ద తప్ప ఇంకేం వండటం వచ్చండీ?" అన్నాను. ఆమె కోప్పడలేదు. సాయంత్రం యజమానుల కోసం చేసిన మాంసం అన్నంలోంచి ఒక గరిటెడు తీసి, దాని పక్కన తను దాచుకున్న ఊరిబిండి పచ్చడి పెట్టి నా ముందుకు తోసింది. మెతుకు మిగల్చలేదు నేను. ఆనాటి నుంచి మూడేళ్లు ఆమె చేతి తిండే తిన్నాను.

ఆమెకు కొన్ని పద్ధతులుండేవి. వంట చేస్తూ రుచి చూసేది కాదు, వాసన పట్టి ఉప్పు చెప్పేది. కుర్చీలో కూర్చునేది కాదు, బోర్లించిన బకెట్ మీద కూర్చునేది. ఇంటి ఆడమనిషిని మేమందరం మామా అనేవాళ్లం. ఆ మామా పిలిస్తే రెండో పిలుపు దాకా పలకవద్దని నాకు నేర్పింది. "మొదటి పిలుపుకే ఉరికితివనుకో, రేపటి నుంచి పిలవకముందే రావాలంటారు," అనేది. ఆమె నేర్పినవాటిలో అన్నిటికంటే గట్టిగా నేర్పింది సంచి గురించి. మా ఇద్దరికీ చెరొక బట్టసంచి ఉండేది, మా సొంతమని చెప్పుకోవడానికి ఉన్నదంతా అందులోనే. "సంచి వదిలిపెట్టి యాడికీ పోవద్దుమ్మే. ఈ ఇండ్లల్లో ఉంగరం కనపడకపోతే ముందు మన సంచే వెదుకుతారు. మనం లేనప్పుడు అందులో ఏం పడతాదో దేవునికి తెలుసు. దొడ్డికి పోయినా సంకలో పెట్టుకొనే పో." ఒకసారి నేను సంచి మరిచిపోయి మేడ మీదికి వెళితే, మూడంతస్తులు ఎక్కి తెచ్చి నా ఒళ్లో పడేసి దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ మరిచిపోలేదు నేను.

ఆమెను ఆరేళ్లుగా ఊరికి పంపలేదు. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉండేది. అడిగినప్పుడల్లా "వచ్చే ఏడు" అనేవాళ్లు. అక్క వాళ్లమ్మ పోయినప్పుడూ వచ్చే ఏడే అన్నారు. ఆ రోజు మామా ఒక కొత్త దుప్పటి ఇచ్చి, వంట వద్దులే పడుకో అంది. అక్క పడుకోలేదు. ఆ దుప్పటి మడత విప్పనూ లేదు.

అయినా మా ఇల్లు ఫరవాలేదు. తిట్టేవాళ్లు గానీ కొట్టేవాళ్లు కాదు. మాకు భయం మామా చెల్లెలి ఇల్లంటే. రెండు వీధుల అవతల ఉండేది. మిష్రిఫ్‌లో పనిచేసే ఆడవాళ్లు చెత్త పారేసే చోట కలుసుకున్నప్పుడు ఆ ఇంటి గురించి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అక్కడ పనిచేసిన శ్రీలంక పిల్ల కిటికీ తుడుస్తూ జారిపడి చచ్చిపోయిందని చెప్పారు. పోలీసులు వచ్చారు, వెళ్లారు. "ఆ ఇంటి కిటికీలకు ఇనప చువ్వలుండాయిమ్మే. పండగకు వంట చెయ్యను పోయినప్పుడు చూసినా. చువ్వల్లోంచి మనిషి ఎట్ల జారతాది?" అని అక్క నన్ను అడిగింది.

ఆ వేసవి మొదట్లో ఒక సాయంత్రం మామాకూ ఆమె చెల్లెలికీ టీ ఇచ్చి వచ్చి అక్క బకెట్ మీద కూలబడింది. ఆమెకు అరబ్బీ బాగా వచ్చు, ఆ సంగతి ఇంట్లోవాళ్లు పట్టించుకునేవాళ్లు కాదు. "చెల్లెలింట్లో పనిమనిషి లేదంట. సెలవులకు పోయొచ్చినాక మామా నన్ను పంపుతాదంట," అంది. పెనం మీది నుంచి పొయ్యిలో పడటమంటే ఇదే. బాబాతో, అంటే ఇంటి యజమానితో, చెప్పి చూడమన్నాను. "వీసా ఇచ్చిన కఫీల్‌కు చెప్పుకోను మనమేం చుట్టాలమా?" అంది. ఆ రాత్రి గిన్నెలు తోముతూ రెండు గ్లాసులు పగలగొట్టింది. ఆమె చేతిలో గ్లాసు పగలడం అదే మొదలు.

సెలవులంటే పోర్చుగల్. అప్పటికి ఆ దేశం పేరు నేను వినలేదు. వాళ్ల చంటిదాన్ని చూసుకోవడానికి నన్నూ, బాబాకు బయటి తిండి సరిపడదని అక్కనీ తీసుకెళ్లారు. పాతకాలపు చిన్న ఊరు. చుట్టూ కోటగోడ, లోపల సున్నం కొట్టిన తెల్లని ఇళ్లు, రాళ్లు పరిచిన సందులు. ఒకే ద్వారం. మా ఊరి సంత కూడా అంతకంటే పెద్దది. అందరూ ఆ గోడ పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటే, అక్క మాత్రం ద్వారం వైపు చూస్తూ, "ఇక్కడ బస్సు యాడ నిలుస్తాదో?" అంది. మనకు బస్సెందుకక్కా, కారుందిగా అన్నాను. అవును కదా అంది.

కోటలోపల ఒక హోటలుంది. బయట నుంచి చూస్తే పాత గుర్రాలసాల, లోపల అంతా కొత్త రకం: నల్లరాతి బల్లలు, గాజుగోడ, గోడ వెనక వంట చేసేవాళ్లు. బాబా ఎవరి దగ్గరో విని మొదటి రోజు మధ్యాహ్నమే తీసుకెళ్లాడు. మాకు వేరే బల్ల, వంటింటి తలుపు పక్కన. చంటిది మా దగ్గరే. వాళ్లకు ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిది రకాలు వచ్చాయి. బండిచక్రమంత పళ్లెంలో రూపాయి బిళ్లంత తిండి, దాని మీద నురుగు. పంది మాంసం లేదు కదా అని మామా ప్రతి పళ్లేనికీ అడిగింది. మాకు ఆకుకూర సూపు, రొట్టె, ఆలివ్ నూనె. వాళ్లు వదిలేసిన ఒక పళ్లెం కూడా మా బల్ల మీదికి వచ్చింది. వాసన చూడగానే నాకు తెలిసిపోయింది. "అక్కా, ఎండుచేప! ఇంత దూరం వచ్చి ఎండుచేప తింటున్నారు వీళ్లు!" అన్నాను. నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, ఉప్పు వదిలించి, పొరలు పొరలుగా విడదీసి, గుడ్డు సొన మీద పేర్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కకు చేపంటే గిట్టదు. ముక్కు దగ్గరికి తీసుకుని, "ఉప్పు రోంత తక్కువైంది," అని నా వైపు జరిపింది. ఆ మూడేళ్లలో మేమిద్దరం ఒక బల్ల ముందు కుర్చీల్లో కూర్చుని తిన్నది అదే మొదటిసారి. నాకు భలే సంతోషమేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సంతోషమేసింది.

చంటిదానికి పాలు వేడి చేయించడానికి అక్క వంటింట్లోకి వెళ్లింది. గాజుగోడ వెనక అంట్లు తోమే పంజాబీ ఆవిడతో హిందీలో మాట్లాడటం చూశాను. పాలు వేడెక్కడానికి పట్టే దానికంటే ఎక్కువసేపు మాట్లాడింది. తిరిగొచ్చినప్పుడు సీసా కాలిపోతోంది. ఎప్పుడూ మణికట్టు మీద చుక్క వేసి చూసే మనిషి, ఆ రోజు చూడకుండానే నా చేతికిచ్చింది.

అక్కడి నుంచి నాలుగు రోజులు ఆమె మారిపోయింది. నవ్వు లేదు, నా మీద పరాచికాలు లేవు. ఎంతసేపూ నాకు ఏదో ఒకటి చెప్పడమే. మేం దిగిన అద్దె ఇంట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ చెప్పేది, బట్టలు పిండుతూ చెప్పేది. "కిటికీ తుడవమంటే ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే తుడువు. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు గోడకు ఆనుకోవద్దు. పండుకునేటప్పుడు తలుపుకు నీళ్ల బకెట్ అడ్డం పెట్టుకో, ఎవురన్నా తోస్తే చప్పుడైతాది. కొట్టేదానికొస్తే గట్టిగా అరువు, పక్కింటోళ్లకు ఇనపడాల." పాపం, తను వెళ్లబోయే ఇంటి కోసం తనకు తనే ధైర్యం చెప్పుకుంటోందనుకున్నాను. "నాకెందుకక్కా ఇవన్నీ? వెళ్లేది నువ్వు కదా," అన్నాను. కత్తి ఆపి నన్ను చూసింది. "నేర్చుకో. నేర్చుకుంటే పోయేదేముంది," అంది.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం మళ్లీ అదే హోటల్. ఎండ మండిపోతోంది. అక్క బురఖా లాంటి అబాయా కింద రెండు జతల బట్టలు తొడుక్కుంది. మెడ దగ్గర రెండు కాలర్లు కనిపించి, చలేస్తోందా అని అడిగాను. ఒంట్లో బాగలేదంది. అదే బల్ల, అదే సూపు. ఈసారి ఆమె ఒక్క చెంచా కూడా ముట్టలేదు. అవతలి బల్లకు నాలుగో పళ్లెమో అయిదో పళ్లెమో వచ్చింది. బాబా ఫొటో తీస్తున్నాడు. అక్క లేచి, చంటిదాని తల నిమిరి, "దొడ్డికి పోయొస్తా," అంది. వంటింటి పక్క నడవలోకి వెళ్లింది.

కుర్చీ మీద ఆమె సంచి ఉంది.

నేనేం ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! మూడేళ్లు ఆమె నా బుర్రలోకి ఎక్కించిన మాట నా కాళ్లను లేపింది. చంటిదాన్ని చంకనేసుకుని, సంచి పట్టుకుని, నడవలోకి పరిగెత్తాను. మరుగుదొడ్డి కుడివైపు. ఆమె ఎడమవైపు వెళ్లింది. చివర ఒక తలుపు బార్లా తెరిచి ఉంది, దాని అవతల ఎండ. అక్క అప్పటికే గడప దాటింది. నాలుగడుగుల దూరంలో పాత తెల్లకారు, ఇంజను ఆడుతోంది, లోపల ఆ పంజాబీ ఆవిడ. నేను ఇవన్నీ చూశాను, కానీ అర్థం చేసుకోలేదు. "అక్కా! నీ సంచి మర్చిపోయావు!" అని అరిచాను. గోదావరి గొంతు, హోటలంతా వినపడింది.

ఆమె ఆగింది. నా వైపు తిరిగింది. ఆ ముఖాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. కోపం లేదు. నన్ను, నా చేతిలో సంచిని, నా చంకలో బిడ్డను ఒక్కొక్కటిగా చూసింది. కారులోని ఆవిడ హిందీలో ఏదో అంది, త్వరగా రమ్మనే అయ్యుంటుంది. వెనక మామా చెప్పుల చప్పుడు వినపడింది. అక్క ఇంకా అవతలే ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు.

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. "ఆఁ, మర్చిపోతి. ఇట్లియ్యి," అని సంచి తీసుకుంది. మామా వచ్చి "వేన్?" అంది, ఎక్కడికని. "బాత్రూమ్ వెతుకుతున్నాను మామా," అంది అక్క. మామా తెరిచిన తలుపును, కదిలిపోతున్న కారును, రెండు కాలర్లను చూసి, అక్క మోచేయి పట్టుకుంది. బల్ల దగ్గరికి వచ్చాక అక్క నాతో, "కూచో. సల్లారిపోతాది, తిను," అంది. తనూ తింది. గిన్నెలో చుక్క మిగలకుండా తింది.

సాయంత్రం బట్టలు సర్దుతుంటే ఆమె సంచి నా కాలికి తగిలి ఒరిగింది. లోపల రెండు పాత తువ్వాళ్లు, ఉండచుట్టిన వార్తాపత్రికలు. సంచి నిండుగా కనపడటానికి. అప్పుడు అర్థమైంది నాకు, తిరిగొస్తుందని నమ్మించడానికే దాన్ని కుర్చీ మీద వదిలిందని. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

కువైట్‌లో విమానం దిగాక ఆమెను మా ఇంటికి తీసుకురాలేదు. చెల్లెలి డ్రైవరు వచ్చి ఉన్నాడు. నాతో ఏదైనా అంటుందని చూశాను. "చంటిదానికి పెరుగన్నంలో ఉప్పు వెయ్యొద్దు," అని చెప్పి కారెక్కింది.

తొమ్మిదేళ్లు ఉంది ఆ ఇంట్లో. పండగలకు రెండు కుటుంబాలు కలిసినప్పుడు పెద్ద గిన్నెల దగ్గర కనపడేది. ఒక ఏడు ఎడమ చెవి వినపడటం లేదు. ఇంకో ఏడు రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. ఏమైందక్కా అంటే, "జారిపడితి," అనేది. ఆ మాట ఎక్కడిదో మా ఇద్దరికీ తెలుసు. నేను క్షమాపణ అడగబోయిన ప్రతిసారీ ఏదో ఒక గిన్నె నా చేతికిచ్చి తోమమనేది. తర్వాత నేను ఆ విల్లా మానేసి ఒక క్లినిక్‌లో పనికి చేరాను. ఆమెను తలుచుకోని రోజు లేదని రాస్తే అబద్ధం. తలుచుకోకుండా ఉండటానికి ప్రయత్నించిన రోజులే ఎక్కువ.

చివరికి ఒక తెల్లవారుజామున చెత్తసంచీ పట్టుకుని బయటికి వచ్చి, అలాగే నడిచి వెళ్లిపోయిందట. పారిపోయి వచ్చిన ఆడవాళ్లను ఉంచే షెల్టర్‌లో ఉందని తెలిసి, శుక్రవారం జామకాయలు కొనుక్కుని వెళ్లాను. నేల మీద పరుపులు, గోడల వెంట ఆడవాళ్లు. కుడిచెవి నా వైపు పెట్టి కూర్చుంది. ఈసారి తోమడానికి గిన్నెలు లేవు. "అక్కా, ఆ రోజు నేను అరవకపోతే నీకు ఇంత జరిగేది కాదు," అన్నాను.

జామకాయ కొరికి, మెల్లగా నమిలి మింగింది. "నీకు సగం మాటే చెప్పినామ్మే," అంది. "మామా ఆ పొద్దు టీ తాగతా చెల్లెలికి మాటిచ్చింది, ఇద్దర్లో ఒగర్ని ఇస్తానని. నేను పోతే నువ్వు. నాకు తెలుసు. తెలిసే కారు కాడికి పోతి."

నా చేతిలోని జామకాయ పరుపు మీద పెట్టేశాను.

"నాలుగు దినాలు నీకు చెప్తి కదా, కిటికీ అని, బకెట్ అని. అవన్నీ నీకే. నా తప్పు రోంతన్నా తగ్గుతాదేమోనని. నిన్ను ఆ ఇంటికి వదిలిపెట్టి పోతా ఉండా నేను. నువ్వేమో నా సంచి పట్టుకొని ఉరికొస్తివి. పైగా సంకలో బిడ్డ. ఎట్ల పోయేదిమ్మే?" ఆమె నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు. "నువ్వు నన్ను పట్టియ్యలే. నేను నిన్ను అమ్మబోయి, మళ్లుకుంటి. దాంట్లో నీ తప్పేముంది, నా తప్పేముంది? తిను, కాయ బాగుండాది."

ఆ రాత్రి గదికి వచ్చాక లెంపలేసుకున్నాను, దణ్ణం పెట్టుకున్నాను, ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. కోపం రాలేదు. ఇవాళ నాకు రెండు చెవులూ వినపడుతున్నాయి. పది వేళ్లూ ముడుచుకుంటున్నాయి. అవి ఎవరి వల్ల ఉన్నాయో చెప్పడానికే ఇదంతా రాశాను.

షెల్టర్‌లో ఉన్నవాళ్లకు ఊరికి వెళ్లే కాగితాలు వచ్చిన రోజు నేను ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. పోలీసులు ఆడవాళ్లను వరసగా నిలబెట్టి లోపలికి పంపుతున్నారు. ఇనప కంచె ఇవతల నేను, అవతల ఆమె, మధ్యలో ఇరవై అడుగులు. ఆమె నన్ను చూడలేదు. ఎవరో ఇచ్చిన పెద్ద చెప్పులు, నడుస్తుంటే మడమ దగ్గర జారిపోతున్నాయి. ఒక్కసారి చివరిగా ముఖం చూడాలనిపించింది. పిలిస్తే వినపడే దూరమే, నా గొంతు సంగతి మీకు తెలుసు. అక్కా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఆమె కాగితం చూపించి, గాజు తలుపు దాటి, చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.